పెంచినవాళ్ల దగ్గరున్న మీ బిడ్డను తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"నాలుగేళ్లు కువైట్‌లో ఉండి వచ్చానండి. పాపను మా అక్క దగ్గర వదిలి వెళ్లాను. ఇప్పుడు ఇవ్వనంటోంది." "మా ఆవిడ కాన్పులో పోయింది. బాబును అత్తగారు తీసుకెళ్లారు. ఇప్పుడు కళ్లతో చూడనివ్వడం కూడా లేదు." ఊళ్లు, పేర్లు మారతాయి గానీ అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది.

ఇందులో భార్యాభర్తల మధ్య కస్టడీ గొడవ లేదు, దాని లెక్క వేరు. ఒకవైపు కన్న తల్లో తండ్రో, మరోవైపు బిడ్డను పెంచిన అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, మేనమామ, పెద్దమ్మ లాంటివాళ్లు ఉన్న తగాదాల గురించి మాత్రమే చెప్తున్నాను. మతాన్ని బట్టి తేడా వచ్చేచోట అక్కడే చెప్పాను.

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) ప్రకారం తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులు. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అదే చట్టంలోని 13వ సెక్షన్ మాత్రం అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమంటుంది. కన్నవాళ్లు గెలిచిన కేసులున్నాయి, పెంచినవాళ్లు గెలిచినవీ ఉన్నాయి. 2019లో భార్య క్యాన్సర్‌తో పోయిన తండ్రికి, 2024లో కోవిడ్ రోజుల్లో భార్యను పోగొట్టుకుని పసిబిడ్డను ఆమె అక్కచెల్లెళ్ల దగ్గర వదిలిన తండ్రికి సుప్రీం కోర్టు బిడ్డను ఇచ్చింది. 2009 తీర్పులో మాత్రం, పుట్టిన దగ్గర్నుంచీ పెంచిన అమ్మమ్మ దగ్గరే బిడ్డను ఉండనిచ్చింది. 1992లో మేనమామ దగ్గర, 2008లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచింది. ఆ రెండు కేసుల్లోనూ తండ్రి మీద భార్యకు సంబంధించిన క్రిమినల్ కేసు ఉంది. ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు అర్థమైంది ఇది: బిడ్డకు మీరు ఎందుకు దూరమయ్యారు, దూరంగా ఉన్నన్నాళ్లూ ఏం చేశారు అన్న రెండు ప్రశ్నలకు మీ జవాబే కేసు. కింద చెప్పే పనులన్నీ ఆ జవాబును తయారు చేసుకోవడానికే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ (పోతే మీ సేవలో గానీ, సచివాలయంలో గానీ మళ్లీ తీసుకోవచ్చు), మీ పెళ్లి ఆధారం, భార్య లేదా భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, బిడ్డ ఆధార్, రేషన్ కార్డు, బిడ్డ టీకాల కార్డు, స్టడీ సర్టిఫికెట్.

విదేశంలో ఉండి వచ్చినవాళ్లకు పాస్‌పోర్టులో వీసా, రాకపోకల స్టాంపులున్న పేజీలు అన్నిటికన్నా ముఖ్యం. ఎప్పుడు వెళ్లారు, మధ్యలో ఎన్నిసార్లు వచ్చారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నవి అవే చెప్తాయి. జబ్బు వల్ల దూరమైనవాళ్లు ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ పెట్టుకోండి.

ఇంటికి పంపిన డబ్బు తాలూకు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే, గూగుల్‌పే వివరాలు కావాలి. బిడ్డతో మాట్లాడిన వీడియో కాల్స్ లిస్టు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా. వీటిని చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లు, ప్రింట్లు కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అది లాయరు చూసుకుంటారు, అసలు ఫోన్ మీ దగ్గర భద్రంగా ఉంటే చాలు.

బిడ్డను అప్పగించినప్పుడు రాసుకున్న కాగితం ఏదైనా ఉంటే, అది మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, లాయరుకు మొదటి రోజే చూపించండి. అవతలివాళ్లు కోర్టులో బయటపెట్టినప్పుడు మీ లాయరు దాన్ని మొదటిసారి చూస్తే ఆ రోజు వాయిదా మీ చేతిలో ఉండదు.

1. దత్తత జరిగిందో లేదో తేల్చుకోండి

మన ఊళ్లలో "పెంచుకోవడానికి ఇచ్చాం" అంటే సవాలక్ష అర్థాలు. అక్కకు పిల్లల్లేరని చెల్లెలు తన రెండో బిడ్డను ఇస్తుంది, అంతా నోటిమాట మీదే నడిచిపోతుంది. చట్టం దాన్ని పెంపకంగానే చూస్తుంది.

హిందువుల్లో దత్తత చెల్లాలంటే 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం షరతులు కుదరాలి. తల్లీ తండ్రీ బతికుంటే మామూలుగా ఇద్దరి ఒప్పుదలా ఉండాలి. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు (ఆచారం ఉన్న కులాల్లో మినహాయింపు ఉంది). ఆడపిల్లను తీసుకునేవాళ్లకు అప్పటికే ఆడపిల్ల ఉండకూడదు, మగపిల్లాడి విషయంలోనూ అంతే. బిడ్డను దత్తతగా ఇవ్వడం, వాళ్లు తీసుకోవడం నిజంగా జరిగి ఉండాలి. దత్తహోమం తప్పనిసరేమీ కాదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు గానీ, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకాలు పెట్టిన రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే, కాదని రుజువయ్యేదాకా కోర్టు దత్తత సరిగ్గానే జరిగిందని అనుకుంటుంది.

సరిగ్గా జరిగిన దత్తతను ఇచ్చినవాళ్లు గానీ తీసుకున్నవాళ్లు గానీ రద్దు చేయలేరు. మీది ఆ బాపతైతే ఇక్కడితో ఆగి, దత్తత చెల్లుతుందా లేదా అన్న ఒక్క ముక్క మీద లాయరు సలహా తీసుకోండి. మిగతా మెట్లు మీకు పనికిరావు.

ముస్లింలకు, క్రైస్తవులకు ఆ చట్టం వర్తించదు. వాళ్లలో దత్తత అంటే జువెనైల్ జస్టిస్ చట్టం దారిలోనే జరగాలి, 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. నోటిమాటగా ఇచ్చింది దత్తత అవదు.

ఎక్కువమంది హడలిపోయేది ఎక్కడంటే, బిడ్డ ఆధార్‌లోనో స్కూలు రిజిస్టర్లోనో పెదనాన్న పేరు కనిపించగానే "అయిపోయింది, దత్తత చేసేసుకున్నారు" అనుకుంటారు. ఆధార్ దత్తతకు రుజువు కాదు. నోటరీ చేయించిన వంద రూపాయల స్టాంపు కాగితం ఒక్కటే ఉన్నా దత్తత అయిపోదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఏదైనా రిజిస్టరైందేమో కనుక్కోండి, ఉంటే సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

2. బిడ్డతో మాటలు ఇవాళే మొదలుపెట్టండి

చాలామంది ముందు లాయరు దగ్గరికి పరిగెత్తి, కేసు వేశాక బిడ్డ సంగతి చూద్దామనుకుంటారు. అది తిరగేయండి. కేసు వేసేనాటికి బిడ్డ మీ గొంతు గుర్తుపట్టాలి.

వారంలో ఒక రోజు, ఒకే టైముకు ఫోన్ చేయండి. బడి, స్నేహితులు, మధ్యాహ్న భోజనంలో ఏం పెట్టారు, ఇవే మాటలు. "త్వరలో నిన్ను తీసుకెళ్లిపోతా" అనకండి. పిల్లలు ఆ మాట పట్టుకుని రాత్రుళ్లు నిద్రపోరు, మర్నాడు పెంచినవాళ్లు ఫోన్ ఎత్తరు.

ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. ఇలా ఉండాలి: "అక్కా, ఆదివారం 4 గంటలకు పాపతో మాట్లాడాలనుకుంటున్నాను. ఆ టైము కుదరకపోతే వేరే టైము చెప్పు." అంతకుమించి ఒక్క ముక్క వద్దు. మీరు అడిగారు, వాళ్లు జవాబివ్వలేదు అన్న సంగతి తేదీలతో సహా నిలబడుతుంది. అర్ధరాత్రి కోపంలో పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా అలాగే నిలబడుతుంది, కాకపోతే మీకు ఎదురుగా.

స్కూలు ఫీజులో మీ వంతు నేరుగా స్కూలు ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. నగదు చేతికిస్తే రేపు "పైసా ఇవ్వలేదు" అంటారు, కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

హెచ్చరిక: బడి గేటు దగ్గర్నుంచి బిడ్డను ఎత్తుకొచ్చేయకండి. "నా బిడ్డే కదా" అనే ధైర్యంతో ఈ పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పోలీసు కంప్లయింటు సంగతి అలా ఉంచండి. భయపడి ఏడ్చిన బిడ్డ రేపు జడ్జిగారి ముందు ఆ రోజు గురించే చెప్తుంది. అవతలి లాయరుకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

3. పెద్దమనుషుల్లో పెట్టేముందు

కుటుంబంలో తేలిపోతే అంతకన్నా మంచిది లేదు. కానీ ఊరి పంచాయితీలో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది సంతకం. "ఇకమీదట బిడ్డ మీద నాకు ఎలాంటి హక్కూ లేదు" అని రాయించుకుని వేలిముద్ర వేయించుకుంటారు. అలాంటి కాగితానికి కోర్టు కట్టుబడి ఉండదు, బిడ్డ క్షేమాన్ని ఎవరూ రాసిచ్చేయలేరు. కానీ మీరే వద్దనుకున్నారని చూపించడానికి అది ఏళ్ల తరబడి పనికొస్తుంది.

రెండోది డబ్బు. "ఇన్నేళ్లు సాకాం, అయిదు లక్షలిచ్చి తీసుకెళ్లు" అంటారు. వాళ్ల కష్టం అబద్ధం కాదు. మీరు తృణమో పణమో ఇవ్వాలనుకుంటే అది మీ ఇష్టం. బిడ్డను అప్పగించినందుకు డబ్బు ఇచ్చినట్టు మాత్రం ఎక్కడా రాయకండి. బిడ్డను అమ్మడం, కొనడం జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల జరిమానా పడే నేరం. మీ ఉద్దేశం అది కాకపోయినా కాగితం అలా చదివించుకుంటుంది.

దీనికన్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లడం మేలు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, కేసు వేయకముందే మధ్యవర్తిత్వం పెడతారు. ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. మిగతా మగవాళ్లలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంటుంది. అక్కడ రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రికార్డు చేయించుకోండి, దానికి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. పెద్దమనుషుల కాగితానికి ఆ బలం రాదు.

4. ఏ కోర్టులో, ఏ కేసు వేయాలి

బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతం కోర్టులోనే వేయాలి. మీరు హైదరాబాద్‌లో ఉండి, బిడ్డ మూడేళ్లుగా రాజోలు దగ్గర పెద్దమ్మ ఇంట్లో ఉంటే కేసు కోనసీమలోనే. తమకు దగ్గరని హైదరాబాద్‌లో వేసి, ఏడాది తిరిగాక "ఈ కోర్టుకు అధికార పరిధి లేదు" అనిపించుకుని వెనక్కి రావడం చాలా మామూలు పొరపాటు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట జిల్లా కోర్టులో వేయాలి.

వేసేది గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (1890), 25వ సెక్షన్ కింద, బిడ్డను తిరిగి అప్పగించమని. ఈ చట్టం అన్ని మతాలవాళ్లకూ ఒకటే. ముస్లింలలో తల్లి తర్వాత అమ్మమ్మకు పసిపిల్లల సంరక్షణలో ముందు వరస ఉందన్న వాదన వస్తుంది, మీ లాయరు దానికి సిద్ధంగా ఉండాలి. మన కోర్టుల్లో ఈ కేసును జి.డబ్ల్యు.ఓ.పి. అంటారు. ఒకవేళ పెంచినవాళ్లే ముందుగా తమను గార్డియన్‌గా నియమించమని కేసు వేసి ఉంటే నోటీసు రాగానే హాజరవ్వండి. రాకపోతే ఎక్స్‌పార్టీ చేసి వాళ్ల మాటే వింటారు.

నేరుగా హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేయమని కొందరు సలహా ఇస్తారు. అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా అది పనిచేసేది పరిస్థితి స్పష్టంగా ఉన్నప్పుడే. బిడ్డ బాగా పసిది, అవతలివాళ్లకు బిడ్డను ఉంచుకోవడానికి చట్టబద్ధమైన హక్కేమీ లేదు, మీ మీద ఆరోపణలు లేవు, మీరు దూరమై ఎక్కువకాలం కాలేదు. 2019 తీర్పులో సుప్రీం కోర్టు ఆ దారి ఉందని చెప్తూనే, మామూలుగా వెళ్లాల్సింది గార్డియన్స్ చట్టం దారిలోనేనని చెప్పింది. ఎనిమిదేళ్ల బిడ్డ, అయిదేళ్ల ఎడబాటు, ఇరువైపులా ఆరోపణలు ఉంటే హైకోర్టు కింది కోర్టుకు వెళ్లమంటుంది. ఖర్చూ కాలమూ దండగ.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మేటరమ్మా" అని పంపించేస్తారు. చాలాసార్లు ఆ మాట సరైనదే. కానీ బిడ్డ ఎక్కడుందో తెలియకపోయినా, కొడుతున్నారని, పనికి పెట్టారని, చిన్నవయసులో పెళ్లి చేయబోతున్నారని తెలిసినా మాత్రం ఆగకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

5. పిటిషన్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

మీ లాయరు రాసిన పిటిషన్‌ను సంతకం పెట్టేముందు తెలుగులో చదివించుకుని వినండి. వినేటప్పుడు ఇవి చూడండి.

బిడ్డను ఎందుకు వదిలి వెళ్లాల్సి వచ్చిందో తేదీలతో ఉందా? "అనివార్య కారణాల వల్ల" అని రాస్తే చాలదు. ఏజెంటు ద్వారా వెళ్లారా, అప్పులెంత, ఇంటికి నెలకు ఎంత పంపారు, అన్నీ ఉండాలి.

రెండో పెళ్లి చేసుకుని ఉంటే అది ఉందా? దాచేవాళ్లే ఎక్కువ, దాచినందుకే నష్టపోతారు. రెండో పెళ్లి దానంతటది మీ హక్కును తీసేయదు. మన తెలుగువాళ్ల కేసే ఒకటి సుప్రీం కోర్టు దాకా వెళ్లి 2022లో తేలింది. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికీ, మొదటి భర్త తల్లిదండ్రులకూ మధ్య బిడ్డ ఇంటిపేరు మీద వచ్చిన తగాదా అది. తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి ఇంటిపేరు తేల్చే హక్కు ఆమెదేనని కోర్టు చెప్పింది. కాబట్టి దాచకండి. మీ ఇప్పటి భర్త లేదా భార్య ఈ బిడ్డను తమ ఇంట్లో పెంచడానికి ఒప్పుకుంటున్నట్టు విడిగా అఫిడవిట్ వేయండి.

మీ మీద క్రిమినల్ కేసు ఉంటే అదీ చెప్పండి. ముఖ్యంగా భార్య మరణం తాలూకు వరకట్న కేసు నడుస్తుంటే, అది తేలకుండా బిడ్డ కస్టడీ రావడం చాలా కష్టం. ఆ పరిస్థితుల్లో ముందు విజిటేషన్ (బిడ్డను కలిసే వీలు) అడగమనే నేను చెప్తాను.

పెంచినవాళ్లను తిడుతూ రాసిన పేరాలుంటే కొట్టేయించండి. "నా బిడ్డను డబ్బు కోసం బంధించారు" అని రాశారనుకోండి. వాళ్ల లాయరు బిడ్డ మార్కుల షీటు, పుట్టినరోజు ఫోటోలు, జ్వరమొస్తే చూపించిన డాక్టరు చీటీలు వరసగా ముందు పెడతాడు. మీ మాట అక్కడే తేలిపోతుంది. వాళ్లు బాగా చూసుకున్నారు, అందుకు రుణపడి ఉన్నాను, ఇప్పుడు నేను చూసుకోగలను అని రాయండి. అది నిజం కూడాను.

చనిపోయిన మీ భార్య లేదా భర్త పేరున ఇన్సూరెన్సు, ఉద్యోగం తాలూకు డబ్బు, పొలం ఉన్నాయా? అయితే గొడవ సగం దాని మీదే, ఎవరూ పైకి చెప్పరు. "బిడ్డ వాటా డబ్బు బ్యాంకులో బిడ్డ పేరునే డిపాజిట్‌గా ఉంచుతాను" అని మీరే ముందుగా అఫిడవిట్‌లో రాసేయండి. హిందూ మైనరు స్థిరాస్తిని తల్లైనా తండ్రైనా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, ఆ సంగతి తెలుసని కూడా రాయండి. అవతలివైపు అనుమానం చాలావరకు అక్కడే చల్లబడుతుంది.

6. మధ్యంతర విజిటేషన్ అడగండి

అసలు కేసు తేలడానికి నెలలూ ఏళ్లూ పట్టొచ్చు. అందుకే పిటిషన్‌తో పాటే గార్డియన్స్ చట్టం 12వ సెక్షన్ కింద ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసి, ఈలోపు బిడ్డను కలిసే ఏర్పాటు చేయమనండి. మొదటే "పూర్తి కస్టడీ మధ్యంతరంగా ఇవ్వండి" అని పట్టుబట్టకండి. మిమ్మల్ని సరిగ్గా ఎరగని బిడ్డను ఒక్కరోజులో చేతులు మార్చడానికి ఏ జడ్జీ ఇష్టపడరు.

మీరే ఒక వరస రాసి ఇవ్వండి. మొదటి నెల ప్రతి ఆదివారం మూడు గంటలు, పెంచినవాళ్లలో ఒకరు పక్కనుండగా. రెండో నెల పగలంతా మీతోనే. ఆ తర్వాత శనివారం రాత్రి మీ ఇంట్లో. వేసవి సెలవుల్లో రెండు వారాలు. జూన్‌లో బడులు తెరిచేనాటికి పూర్తిగా మీ దగ్గరకు. ఇలా తేదీలతో అడిగినవాళ్లకు వచ్చినట్టుగా "నా బిడ్డ నాకు కావాలి" అని మాత్రమే అడిగినవాళ్లకు ఆర్డర్లు రావడం నేను చూడలేదు.

7. కలిసిన రోజు

ఎక్కువ కేసులు బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఫ్యామిలీ కోర్టులో పిల్లల గది అంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద బొమ్మలు, చక్రాలు ఊడిన ఒక కారు. ఏడేళ్ల పాప పెద్దమ్మ చీర కొంగు పట్టుకుని వస్తుంది. పెద్దమ్మను అమ్మా అంటుంది, మిమ్మల్ని కువైట్ అమ్మా అంటుంది. చాలామంది తల్లులు అక్కడే ఏడ్చేసి "నేనేనే మీ అమ్మను, ఆవిడ కాదు" అంటారు. పాప బెదిరి వెనక్కి తగ్గుతుంది, అది చూస్తూ కూర్చున్న కౌన్సెలరు అదే రిపోర్టులో రాస్తారు. ఏ పిలుపు పిలిచినా పలకండి. పిలుపు తర్వాత దానంతటదే మారుతుంది.

పెద్ద చాక్లెట్ డబ్బా, ఖరీదైన బొమ్మ, కొత్త ఫోన్ తీసుకెళ్లకండి. డ్రాయింగ్ పుస్తకం, రంగులు తీసుకెళ్లండి, కలిసి చేసే పని ఏదైనా ఫరవాలేదు. బిడ్డ హోంవర్కు తెచ్చుకుంటే ఇంకా మంచిది. మొదటిరోజు పెద్దమ్మను గదిలోంచి పంపించేయమని అడగకండి. ఆమెతో మీరు నాలుగు మంచిమాటలు మాట్లాడటం చూస్తే బిడ్డ సగం తేరుకుంటుంది.

ఫోటోలు, వీడియోలు తీయాలనిపిస్తుంది. ఒకటో రెండో చాలు. కెమెరా ముందు "అమ్మంటే ఇష్టమని చెప్పు" అనిపించిన వీడియో కోర్టులో మీకు చేటు చేస్తుంది.

వాళ్లు బిడ్డను తీసుకురాకపోతే గొడవ పడకండి. కోర్టు ఆఫీసులో మీరు వచ్చినట్టు, ఎంతసేపు ఎదురుచూశారో రాసి ఇచ్చి సంతకం తీసుకోండి. రెండు మూడుసార్లు అలా జరిగితే లాయరు ఆ కాగితాలతోనే కోర్టును కదిలిస్తారు.

8. సాక్ష్యం, క్రాస్, జడ్జిగారు బిడ్డతో మాట్లాడటం

క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, చట్టం గురించి అడగరు. "మీ అమ్మాయి ఏ క్లాసు? క్లాసు టీచరు పేరేంటి? చివరిసారి జ్వరం ఎప్పుడొచ్చింది? మీరు డ్యూటీకి వెళ్తే సాయంత్రం బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?" ఇవీ ప్రశ్నలు. వీటికి తడుముకుంటే సర్టిఫికెట్లన్నీ పక్కకు పోతాయి. తెలియనిదాన్ని తెలియదనండి, ఎందుకు తెలియదో కూడా చెప్పండి: ఫోన్లు ఎత్తలేదు, బడికి వెళ్తే చెప్పలేదు. రెండో మెట్టులో పెట్టిన మెసేజ్‌లు పనికొచ్చేది ఇక్కడే.

బిడ్డకు ఊహ తెలిసిన వయసైతే జడ్జిగారు ఛాంబర్‌లో విడిగా మాట్లాడతారు. బిడ్డ ఇష్టాన్ని పరిగణిస్తారు గానీ అదొక్కటే చూడరు. ఎవరు నేర్పించి పంపారో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ఏమీ నేర్పించకండి. ముందురోజు రాత్రి ఫోన్ చేసి "రేపు ఏం చెప్తావు?" అని కూడా అడగకండి.

ఆదాయం గురించి పెద్దగా టెన్షన్ వద్దు. అవతలివాళ్లకు మేడ ఉంది, మీది అద్దె ఇల్లు అన్నది ఒక్కటే కేసును తేల్చదు. 2022లో కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరూ పోయిన బాలుడి కేసులో ఆదాయం, వయసు, పెద్ద కుటుంబం ఒక్కటే కొలమానం కాదని సుప్రీం కోర్టు చెప్పి, పిన్నికి కాకుండా నాయనమ్మ తాతయ్యలకు అప్పగించింది. మీ ఇంట్లో బిడ్డకు పడుకునే చోటు, దగ్గర్లో బడి, మీరు పనికెళ్తే చూసుకునే మనిషి, ఈ మూడూ గట్టిగా చూపించండి.

9. ఆర్డరు వచ్చాక ఇవి సరిచూసుకోండి

"గెలిచాం" అని ఫోన్లు చేసేముందు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, వచ్చాక చదివించుకోండి. కస్టడీ అని ఉందా, విజిటేషన్ అని మాత్రమే ఉందా? అప్పగించే తేదీ, టైము, చోటు ఉన్నాయా? పండగలు, సెలవుల సంగతి ఉందా? పెంచినవాళ్లు ఎప్పుడు చూడొచ్చో ఉందా? బిడ్డను రాష్ట్రం దాటించకూడదనే షరతు ఏదైనా ఉందా? మళ్లీ గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. తేదీ, చోటు లేని ఆర్డరును అమలు చేయించడం తలనొప్పి, వెంటనే సరిచేయమని అడగండి. కేసు ఎక్కడుందో ఈకోర్ట్స్ యాప్‌లో సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు) కొట్టి మీరే చూసుకోవచ్చు, గుమస్తా మాట మీద ఆధారపడనక్కర్లేదు.

ఆర్డరున్నా ఇవ్వకపోతే మళ్లీ అదే కోర్టులో ఈ.పి. (ఆర్డరు అమలు చేయించమనే పిటిషన్) వేయాలి. ఓడిపోతే, ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు 30 రోజుల్లో అప్పీలు. అప్పీలు పోయినా దారి మూసుకుపోదు. పరిస్థితులు మారితే కస్టడీ ఆర్డరును మార్చమని ఎప్పుడైనా అడగొచ్చు, సుప్రీం కోర్టు 1973లోనే ఈ మాట చెప్పింది.

10. బిడ్డ ఇంటికొచ్చిన మొదటి నెల

చదువు సంవత్సరం మధ్యలో బడి మార్చకండి, వీలైతే వేసవి దాకా ఆగండి. బిడ్డ వాడిన దుప్పటి, కంచం, బొమ్మ అడిగి తెచ్చుకోండి. పెంచినవాళ్లతో ఫోన్లో మాట్లాడనివ్వండి, ఆర్డరులో లేకపోయినా సరే.

అంతా సరిగ్గానే ఉందా అన్నదానికి కొన్ని గుర్తులు. రాత్రి పక్క తడపడం, తినకపోవడం, బడికి వెళ్లనని మొండికేయడం మొదట్లో మామూలే. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ చీటీ దాచుకోండి. పెద్దమ్మ పేరు ఎత్తడానికి బిడ్డ భయపడుతుంటే మీ ఇంట్లో ఎవరో ఆమె గురించి చెడ్డగా మాట్లాడుతున్నారన్నమాట. అది ఎవరో కనుక్కుని ఆపించండి.

పెంచినవాళ్లు ఇది చదువుతుంటే

మీరూ ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఎన్నాళ్లు పెంచినా ఆ కారణంతోనే మీరు చట్టప్రకారం గార్డియన్ అయిపోరు. కోర్టు నియమించాలి. దానికి గార్డియన్స్ చట్టం 7, 10 సెక్షన్ల కింద పిటిషన్ వేయాలి. కన్నవాళ్లు అనర్హులని, లేదా బిడ్డకు వాళ్ల దగ్గర హాని ఉందని మీరే రుజువు చేయాలి. మీ దగ్గర ఆధారం లేకపోతే ఆ ఆరోపణ చేయకండి, తిరిగి మీకే తగులుతుంది.

వైద్యం కాగితాలు, ఫీజు రసీదులు, బడిలో పేరెంట్స్ మీటింగ్ సంతకాలు దాచుకోండి. కన్నవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తండి. బిడ్డను చూపించకుండా దాచినవాళ్లకు కోర్టులో జాలి దొరకదు. కస్టడీ రాకపోయినా నెలకోసారి చూడటం, పండగలకు తెచ్చుకోవడం, ఫోన్లో మాట్లాడటం మీరు అడగొచ్చు. 2019 కేసులో బిడ్డను తండ్రికి ఇచ్చినా, పెంచిన బంధువులు చూసి వెళ్లే వీలు కల్పించారు. ఆ కోరికను కౌంటరులోనే (కోర్టులో మీరు వేసే జవాబులోనే) ప్రత్యామ్నాయంగా రాయించండి. తీర్పు వచ్చాక అడగడం కన్నా తేలిగ్గా దొరుకుతుంది.